యువజన సంఘంలో అమ్మాయిలకు నాయకత్వ శిక్షణ శిబిరం: సన్నాహం నుంచి ఆరు నెలల తర్వాతి లెక్క వరకు

వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ, కరీంనగర్ జిల్లాల్లో పనిచేసే యువజన సంఘాల్లో చాలావాటికి ఒక అలవాటు ఉంది. ర్యాలీ ముందు వరుసలో బ్యానర్ పట్టుకునేది అమ్మాయిలు, మహాసభ గేటు దగ్గర ముగ్గు వేసేది అమ్మాయిలు, అతిథులకు కప్పే శాలువాల పళ్లెం పట్టుకొని వేదిక పక్కన నిలబడేదీ అమ్మాయిలే. తీర్మానాల పుస్తకం, రశీదు బుక్కు, బ్యాంకు పాస్‌బుక్కు మాత్రం అన్నల సంచుల్లో ఉంటాయి. ఇది సరికాదని సంఘాలు నిజాయితీగానే అనుకుంటాయి. అనుకొని ఒకరోజు సదస్సు పెట్టి, ఆత్మవిశ్వాసం మీద ఇద్దరు వక్తలతో మాట్లాడించి, అందరూ కలిసి ఫొటో దిగి, సర్టిఫికెట్లు ఇచ్చి పంపిస్తాయి. నెల తిరిగేసరికి మళ్లీ ముగ్గు, మళ్లీ పళ్లెం.

బీడీలు చుట్టి ఇంటి ఖర్చు నడుపుతున్న అమ్మాయికి, తండా నుంచి రెండు బస్సులు మారి డిగ్రీ కాలేజీకి వస్తున్న అమ్మాయికి ఆత్మవిశ్వాసం లేదని ముందే తీర్మానించుకొని పాఠం మొదలుపెట్టడం అన్యాయం. వారికి ఇంతవరకు అందనిది సంఘాన్ని నడిపే పని: సమావేశానికి అధ్యక్షత వహించడం, ఎజెండా నిర్ణయించడం, తీర్మానం రాయడం, డబ్బు లెక్క చూడడం, అధికారి ఎదుట కూర్చొని విషయం తేల్చుకొని రావడం. ఈ మార్గదర్శి మొత్తం ఆ పనుల చుట్టూనే ఉంటుంది. మూడు రోజుల శిబిరాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినా, దానికి ముందు మూడు నెలల సన్నాహం, తర్వాత ఆరు నెలల వెంబడింపు కలిపి చూస్తేనే ఇది శిక్షణ అవుతుంది.

మొదటి దశ: సంఘం ముందుగా మాట ఇవ్వాలి

శిబిరం తేదీ నిర్ణయించక ముందే జిల్లా కార్యవర్గం ఒక తీర్మానం చేయాలి. శిక్షణ పొందిన వారికి ఆరు నెలల లోపు ఏయే బాధ్యతలు అప్పగిస్తారో అందులో పేరుపేరునా ఉండాలి: ప్రతి మండల కమిటీలో కార్యదర్శి లేదా కోశాధికారి పదవుల్లో ఒకటి, బ్యాంకు ఖాతా మీద సంతకం చేసే వారిలో కనీసం ఒకరు, కార్యవర్గ సమావేశాల్లో ఒకటి విడిచి ఒకదానికి అధ్యక్షత. ‘అవకాశాన్ని బట్టి ప్రాధాన్యం ఇస్తాం’ అనే వాక్యం తీర్మానంలో ఉంటే అది తీర్మానం కిందికి రాదు, ఎందుకంటే అవకాశం ఎప్పుడు వచ్చిందో నిర్ణయించేది మళ్లీ పాత కమిటీయే. ఏ పదవి, ఏ తేదీ, ఎవరు తప్పుకుంటారు అన్నవి స్పష్టంగా రాసి, సమావేశంలో పైకి చదివి, అందరి సంతకాలు తీసుకోవాలి. కార్యవర్గం దీనికి ఒప్పుకోకపోతే శిబిరాన్ని వాయిదా వేయడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. పని నేర్పి, చేయడానికి పని ఇవ్వకుండా ఇంటికి పంపిన అమ్మాయి సంఘానికి శాశ్వతంగా దూరమవుతుంది, వెళ్తూ తన స్నేహితులను కూడా తీసుకుపోతుంది.

అదే సమావేశంలో తేల్చవలసిన మరో సంగతి కమిటీ సమావేశాల వేళ. రాత్రి 8 గంటలకు బస్టాండు పక్కన టీ హోటల్లో కూర్చొని నిర్ణయాలు తీసుకునే పద్ధతి కొనసాగినంత కాలం ఏ శిక్షణా అమ్మాయిలను కమిటీలోకి తేలేదు. ఆదివారం పగటిపూట, గ్రంథాలయంలోనో పాఠశాలలోనో సమావేశాలు పెట్టుకుంటామని, అక్కడ జరగని నిర్ణయం చెల్లదని రాసుకోవాలి.

ఇంకొకటి. శిబిరం జరిగే రోజుల్లోనే సంఘంలోని యువకులకు కూడా వేరే చోట ఒక పూట శిక్షణ ఉండాలి. చెల్లె అధ్యక్షత వహిస్తున్న సమావేశంలో మధ్యలో అందుకోకుండా ఎలా కూర్చోవాలి, తన పదవిని మరొకరికి అప్పగించేటప్పుడు ఏయే కాగితాలు, ఏయే ఫోన్ నంబర్లు, ఏ అధికారితో ఏ పని ఎంతవరకు వచ్చింది అన్నవి ఎలా అప్పజెప్పాలి అన్నదే ఆ పూట పాఠం. పదవి ఇచ్చి సమాచారం ఇవ్వకపోవడం మన సంఘాల్లో తరచుగా జరిగేదే.

రెండో దశ: ఎవరిని పిలవాలి

ఒక శిబిరానికి 24 మంది చాలు. ఆరుగురేసి నాలుగు జట్లుగా విడదీయవచ్చు, ప్రతి ఒక్కరికీ అధ్యక్షత వహించే వంతు వస్తుంది, ఇద్దరు శిక్షకులు అందరినీ పేరుతో పిలవగలుగుతారు. నలభై మంది దాటితే అది మళ్లీ సభ అవుతుంది.

ఎంపికను మండల కమిటీలకు వదిలేస్తే ఇప్పటికే వేదిక మీద మాట్లాడే అలవాటున్న డిగ్రీ విద్యార్థినుల పేర్లే వస్తాయి. వారు కావలసిందే, కాని సగానికి మించకూడదు. మిగతా సగం కొత్తవాడలో దరీలు నేసే ఇళ్ల నుంచి, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీ కార్ఖానాల నుంచి, సిరిసిల్ల మరమగ్గాల వాడల నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కోయ గూడేల నుంచి, గోదావరిఖని బొగ్గు గనుల కార్మికవాడల నుంచి రావాలి. చదువు మధ్యలో ఆగిన వారిని, పెళ్లయి చంటిపిల్లలున్న వారిని వద్దనకూడదు. ఎంపికకు ఒకే ప్రశ్న వేసుకుంటే సరిపోతుంది: ఈ అమ్మాయి చుట్టూ నలుగురు చేరి సాయం అడుగుతున్నారా? పింఛను కాగితం నింపించుకోవడానికి వాడలోని ముసలమ్మలు ఎవరి ఇంటికి వెళ్తారో, హాస్టల్లో అన్నం బాగాలేదని వార్డెన్‌తో మాట్లాడడానికి మిగతావారు ఎవరిని ముందుకు నెడతారో, ఆమెను పిలవాలి.

వయసు విషయంలో 18 నుంచి 29 ఏళ్ల వారికి పరిమితం కావడం మేలు. పద్దెనిమిది నిండని వారిని రాత్రి బసతో కూడిన శిబిరానికి తీసుకువస్తే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, విడి గది, ప్రత్యేక బాధ్యురాలు తప్పనిసరి. అంత ఏర్పాటు చేయలేనప్పుడు వారికి విడిగా పగటి శిబిరం పెట్టాలి.

మూడో దశ: ఇంటి గడప దాటించడం

పిలుపు వాట్సాప్‌లో పంపితే సరిపోదు. రెండు రాత్రులు ఆడపిల్లను బయటికి పంపే నిర్ణయం తల్లి, తండ్రి, అన్న, కొన్నిచోట్ల మేనమామ కలిసి తీసుకుంటారు. అందువల్ల సంఘం తరఫున ఇద్దరు, వారిలో ఒకరైనా వయసులో పెద్ద మహిళ, ఇంటికి వెళ్లి కూర్చొని మాట్లాడాలి. ముందు తల్లితో మాట్లాడాలి, ఎందుకంటే తండ్రిని ఒప్పించే పని చివరికి ఆమెదే. ఎక్కడ ఉంటారు, రాత్రి ఎవరు తోడుంటారు, ఏ బస్సుకు వచ్చి ఏ బస్సుకు తిరిగి చేరుతుంది, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ‘ఏం నేర్పుతరు బిడ్డా?’ అని అవ్వ అడిగితే, లెక్కలు రాయడం, దరఖాస్తు రాయడం, ఆఫీసులో మాట్లాడడం అని చెప్పాలి. ఆ మాట నిజం, పైగా ఇంటికి పనికొచ్చే మాట.

కూలి సంగతి దాచి మాట్లాడకూడదు. బీడీలు చుట్టే అమ్మాయికి వేయి బీడీల లెక్కన కూలి వస్తుంది, చుట్టని రోజు కూలి లేదు. పత్తి ఏరడానికి, మిర్చి ఏరడానికి వెళ్లే అమ్మాయిదీ అదే స్థితి. మూడు రోజుల కూలి నష్టాన్ని సంఘం భరించాలి. అది బడ్జెట్‌లో మొదటి పద్దు కావాలి, శాలువాలు, ఫ్లెక్సీలు, మెమెంటోలు అసలు ఉండనక్కర్లేదు.

నాలుగో దశ: తేదీ, చోటు, తిండి

జూలై, ఆగస్టుల్లో నాట్లు, అక్టోబర్ చివరి నుంచి పత్తి ఏరివేత, ఆ తర్వాత మిర్చి కోతలు, మే నెలలో బయట అడుగు పెట్టనివ్వని ఎండ. వీటి మధ్య ఖాళీ వెతుక్కోవాలి. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో పెడితే ఎవరూ రారు, పెట్టనూ కూడదు. రెండేళ్లకోసారి మాఘ మాసంలో వచ్చే మేడారం జాతర వారం కూడా వదిలేయాలి, ఎందుకంటే ఆర్టీసీ బస్సుల్లో ఎక్కువ భాగం జాతరకు మళ్లుతాయి, పల్లెల సర్వీసులు తగ్గిపోతాయి. కాలేజీల సెమిస్టర్ పరీక్షల తేదీలు కాకతీయ, శాతవాహన యూనివర్సిటీల ప్రకటనలు చూసి సరిచూసుకోవాలి. సెప్టెంబర్ మొదటి పక్షం, లేదా సంక్రాంతికి ముందు వారాలు సాధారణంగా కుదురుతాయి.

శని, ఆది, సోమవారాలు ఎంచుకోవాలి. సోమవారం పనిదినం కదా అని కొందరు వెనుకాడతారు, కాని కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి జరిగేది సోమవారమే, మూడో రోజు పాఠం అక్కడే ఉంటుంది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు ప్రజావాణి ఆపేస్తారు కాబట్టి ముందుగా కనుక్కోవాలి.

హనుమకొండ అందరికీ అందుబాటులో ఉండే చోటు. మంచిర్యాల, రామగుండం వైపు వారు, మహబూబాబాద్ వైపు వారు కాజీపేట, వరంగల్ స్టేషన్లకు రైల్లో చేరుకోవచ్చు. బస్సులో వచ్చేవారికి 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలని గుర్తుచేస్తే చాలు. అయినా ఊరి నుంచి మండల కేంద్రానికి ఆటో ఛార్జీ మిగులుతుంది, అది సంఘమే ఇవ్వాలి.

భవనం చూడడానికి వెళ్లినప్పుడు హాలు కన్నా ముందు మరుగుదొడ్లు చూడాలి: లోపలి గొళ్లెం పడుతుందా, నీళ్లు వస్తాయా, దీపం ఉందా, ప్యాడ్లు పారేయడానికి మూత ఉన్న డబ్బా పెట్టవచ్చా. పడుకునే గదికీ మరుగుదొడ్డికీ మధ్య ఆరుబయట నడవవలసి వస్తే ఆ భవనం వద్దు. చంటిపిల్లలతో వచ్చే తల్లుల కోసం ఒక గది, అక్కడ ఉండడానికి కూలి ఇచ్చి పెట్టుకున్న ఒక ఆయమ్మ అవసరం. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పొద్దున అంబలి లేదా ఉప్మా, సాయంత్రం సర్వపిండి ఉంటే చాలు. అందరూ ఒకే పంక్తిలో కూర్చొని తినాలి, వడ్డన, గిన్నెలు కడగడం, ఊడ్చడం చీట్లు తీసి వంతుల ప్రకారం శిక్షకులతో సహా అందరూ చేయాలి. ఈ వంతులు పైకి చిన్న విషయంగా కనిపిస్తాయి గాని, ఏ కులం అమ్మాయి చేతికి చీపురు తనంతట తానే వెళ్తుందో గమనించి ఆపడం శిక్షకుల బాధ్యతల్లో ముఖ్యమైనది.

ఐదో దశ: భద్రత

2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలంటుంది. స్వచ్ఛందంగా నడిచే యువజన సంఘానికి ఆ నిబంధన వర్తిస్తుందా లేదా అన్న చర్చలో కాలం గడపకుండా, ఫిర్యాదులు వినడానికి ముగ్గురితో ఒక కమిటీ వేసుకోవాలి. అందులో సగానికి మించి మహిళలు ఉండాలి, ఒకరు సంఘానికి సంబంధం లేని బయటి వ్యక్తి, న్యాయవాదియో ఉపాధ్యాయినియో, కావాలి. వారి ఫోన్ నంబర్లు శిబిరం మొదటి గంటలోనే గోడ మీద రాయాలి. వాటి పక్కనే మహిళా సహాయానికి 181, పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 కూడా రాయాలి. పద్దెనిమిది నిండని అమ్మాయి మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి; సంఘం పెద్దలు కూర్చొని సర్దుబాటు చేయడానికి అక్కడ తావు లేదు.

ఫొటోల విషయంలో ఒకే నియమం: అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు, ఆమె ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టకూడదు. పాల్గొన్నవారి ఫోన్ నంబర్లను జిల్లా స్థాయి పెద్ద వాట్సాప్ గ్రూపులో చేర్చకూడదు. శిబిరం అయిన రాత్రి నుంచే తెలియని నంబర్ల నుంచి గుడ్ నైట్ సందేశాలు మొదలైతే, ఇంట్లో ఫోన్ లాక్కుంటారు, అంతటితో సంఘం ఆ ఇంటికి మూసుకుపోతుంది.

ఆరో దశ: మూడు రోజుల పాఠం

శిక్షకులుగా ఇద్దరు మహిళలు చాలు, కాని వారు ఈ పనులు చేసి ఉన్నవారై ఉండాలి. మంచి ఉపన్యాసకురాలి కన్నా ఐదేళ్లు వార్డు సభ్యురాలిగా పనిచేసి గ్రామసభలో గొంతెత్తిన మహిళ, మహిళా సంఘాల మండల సమాఖ్య లెక్కలు రాసిన మహిళ ఎక్కువ నేర్పగలరు. ప్రారంభోత్సవం, జ్యోతి ప్రజ్వలన, అతిథి ఉపన్యాసాలు వద్దు. ఉదయం తొమ్మిదిన్నరకు చాపల మీద గుండ్రంగా కూర్చొని నేరుగా పని మొదలుపెట్టాలి.

శనివారం ఉదయం పాటతో మొదలుపెట్టవచ్చు. మన అమ్మాయిల్లో ప్రతి ఒక్కరూ బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకున్నవారే, లేదా ఎత్తుకున్న పాటను అందుకున్నవారే. ఒకరు చరణం పాడితే మిగతావారు ‘ఉయ్యాలో’ అని అందుకునే ఆ పద్ధతిలో, ఒక్కొక్కరు తన ఊరి గురించి నాలుగు పాదాలు కట్టి పాడాలి. మైకు ముందు నోరు పెగలదనుకునే అమ్మాయి గొంతు ఎంత దూరం వినిపిస్తుందో అప్పుడు ఆమెకే తెలుస్తుంది. కోయ, గోండి, లంబాడీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చినవారు తమ భాషలోనే పాడాలి, పక్కనున్న స్నేహితురాలు తెలుగులో అర్థం చెబుతుంది. భాష గురించి అప్పుడే ఒక మాట చెప్పేయాలి: శిబిరంలో ఎవరి యాస వారిది, పుస్తకాల తెలుగు ఎవరూ మాట్లాడనక్కర్లేదు.

ఆ తర్వాత రోజు చక్రం గీయించాలి. పెద్ద కాగితం మీద 24 గంటల చక్రం గీసి, లేచింది మొదలు పడుకునే దాకా ఏ గంటలో ఏ పని చేస్తుందో ప్రతి అమ్మాయి రాస్తుంది, పక్కనే ఇంట్లోని అన్న లేదా తమ్ముడి రోజు చక్రం గీస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, సంఘం పనికి తనకు వారంలో ఎన్ని గంటలు దొరుకుతాయో, ఆ గంటలు ఏ వేళలో ఉన్నాయో లెక్క తీయాలి. ఈ లెక్కను శిక్షకులు భద్రపరిచి కార్యవర్గానికి ఇవ్వాలి, ఎందుకంటే సమావేశాల వేళలు మార్చడానికి దీన్ని మించిన ఆధారం ఉండదు.

మధ్యాహ్నం చరిత్ర పాఠం ఒకటి ఉండవచ్చు, గంటకు మించకుండా. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ అనే భూస్వామి మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు ఆంధ్ర మహాసభ సంఘం ఆమెకు అండగా నిలిచి వడ్లను ఆమె ఇంటికి చేర్చిందన్నది మన ప్రాంతంలో అందరూ విన్నదే. విగ్రహానికి దండ వేసి వదిలేయకుండా, ఆ ఘటనను ప్రశ్నలుగా మార్చాలి. సంఘం లేకుండా ఐలమ్మ ఒంటరిగా నిలబడి ఉంటే ఏమయ్యేది? ఐలమ్మ వెనక్కి తగ్గి ఉంటే సంఘం మాట ఊళ్లో చెల్లేదా? ఈ రోజు మన ఊళ్లో పోరాడుతున్న మహిళ వెనుక మన సంఘం ఎంతమందితో నిలబడింది? మూడో ప్రశ్న దగ్గర కొంతసేపు ఎవరూ మాట్లాడకపోతే శిక్షకులు తొందరపడి జవాబు చెప్పకూడదు.

ఆదివారం శిబిరానికి గుండెకాయ వంటిది, ఆ రోజంతా సమావేశం నడపడం మీదే ఉంటుంది. ప్రతి జట్టుకూ ఐదు అంశాల ఎజెండా ఇచ్చి ఇరవై నిమిషాల సమయం పెట్టాలి. ఒకరు అధ్యక్షురాలు, ఒకరు తీర్మానాలు రాసేవారు, మిగతా నలుగురికి రహస్యంగా చీట్లు ఇవ్వాలి: ఒకరు ఒకే విషయాన్ని సాగదీస్తారు, ఒకరు పక్కవారితో గుసగుసలాడతారు, ఒకరు అసలు నోరు విప్పరు, ఒకరు సగం సమావేశం అయ్యాక వచ్చి పెద్దమనిషిలా ‘అసలు విషయం నేను చెప్త వినుండ్రి’ అంటారు. అధ్యక్షురాలు కోపం తెచ్చుకోకుండా, నవ్వి ఊరుకోకుండా వీరందరినీ దారిలో పెట్టి, ఇరవై నిమిషాల్లో ఐదు అంశాల మీదా నిర్ణయం తేవాలి. దీనికి మాటలు చేతిలో సిద్ధంగా ఉండాలి కాబట్టి, గట్టిగా అనిపించి అలవాటు చేయించాలి: ‘అన్నా, మీ మాట రాసుకున్నం, ముందు చెల్లెను చెప్పనియ్యిండ్రి.’ ‘అక్కా, ఇది మూడో అంశం కింద వస్తది, అప్పుడు మాట్లాడుకుందాం.’ ‘సార్, సమయం అయిపోయింది, ఒప్పుకున్నోళ్లు చేయి ఎత్తుండ్రి.’ ఒక్కొక్కరికి రెండుసార్లు అధ్యక్ష స్థానం దక్కేదాకా ఈ అభ్యాసం ఆపకూడదు. మొదటిసారి ఎవరూ సరిగా చేయలేరు, రెండోసారి చాలామంది చేస్తారు. ఆ రెండోసారి కోసమే ఇంత సమయం కేటాయించాలి.

తీర్మానాల పుస్తకం రాయడం కూడా ఇందులోనే నేర్పాలి. తేదీ, చోటు, హాజరైనవారి సంతకాలు, అంశం, నిర్ణయం, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు: ఇవి లేని పేజీని తిరిగి రాయించాలి. ‘చర్చించడమైనది’ అనే మాటతో ముగిసే వాక్యం కనిపిస్తే, చర్చించి ఏం తేల్చారని అడగాలి. సమావేశం లేవకముందే రాసింది పైకి చదివి ఒప్పించుకోవాలి. తీర్మానం రాసేవారి చేతిలో ఎంత అధికారం ఉంటుందో, మూడు నెలల కింద ఏం అనుకున్నామన్న పేచీ వచ్చినప్పుడు గాని బయటపడదు.

లెక్కల పాఠానికి రెండు గంటలు కావాలి. ఒక కవర్లో కలగలిపిన రశీదులు, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ నకలు పెట్టి, కావాలనే ఒక వోచర్ తీసేసి, నగదు పుస్తకం రాయించాలి. తేడా ఎంత వచ్చిందో, ఎక్కడ వచ్చిందో కనిపెట్టాలి, ఆ తర్వాత తేడా గురించి కోశాధికారిని అందరి ముందు మర్యాదగా ఎలా అడగాలో నటించి చూపాలి. కనిపెట్టడం కన్నా అడగడం కష్టం. చందా తీసుకున్న ప్రతిసారీ రశీదు ఇవ్వడం, ఖర్చు పెట్టిన ప్రతిసారీ వోచర్ మీద సంతకం తీసుకోవడం, నెలకోసారి లెక్క చదివి వినిపించడం అలవాటైన అమ్మాయిని ఏ సంఘంలోనూ పక్కన పెట్టలేరు.

ఆదివారం సాయంత్రం జట్లన్నీ కలిసి సోమవారానికి విషయం ఎంచుకుంటాయి. అది నిజమైన సమస్య కావాలి, చిన్నది కావాలి, తేలేది కావాలి: కాలేజీ దగ్గర ఎక్స్‌ప్రెస్ బస్సు ఆపకపోవడం, హాస్టల్ దారిలో వీధిదీపాలు లేకపోవడం, జూనియర్ కాలేజీలో మరుగుదొడ్డికి నీటి కనెక్షన్ లేకపోవడం వంటివి. దరఖాస్తులో ఒకే విషయం, ఒకే కోరిక, ఎవరి శాఖ కిందికి వస్తుందో ఆ అధికారి హోదా, ఎంతమందికి ఇబ్బంది అవుతోందో తాము లెక్కపెట్టిన సంఖ్య, ఫొటో ఉంటే ఫొటో, సంతకాలు ఉండాలి. రెండు కాపీలు తీసుకోవాలి. రాత్రి భోజనాల తర్వాత ఎవరు మాట్లాడాలో చీటీ తీసి, మూడు నిమిషాల్లో చెప్పడం అభ్యాసం చేయాలి. స్నేహితురాలి ఫోన్‌లో రికార్డు చేసి చూసుకుంటే తల దించుకోవడం, మాట చివర మింగేయడం వంటివి తమకే కనిపిస్తాయి. ఆ రాత్రి దీపాలు ఆర్పాక గదుల్లో జరిగే ముచ్చట్లను ఎవరూ ఆపకూడదు. పెళ్లి ఒత్తిడి గురించి, ఇంట్లో దెబ్బల గురించి, చదువు ఆగిపోవడం గురించి పగలు హాల్లో రాని మాటలు అప్పుడే వస్తాయి, జీవితకాలపు స్నేహాలు అక్కడే కుదురుతాయి. రాత్రి బస శిబిరం కోసం ఇంత శ్రమ పడాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

సోమవారం ఉదయం కలెక్టరేట్‌కు వెళ్లాలి. సంఘం నాయకులు వెంట రావచ్చు గాని వరుసలో నిలబడకూడదు, అధికారితో మాట్లాడకూడదు. దరఖాస్తు ఇచ్చాక రశీదు తీసుకోవడం, అందులోని నంబరు రాసుకోవడం, ఏ శాఖకు పంపారో అడగడం ముగ్గురు చేయాలి, మిగతావారు గమనించాలి. మధ్యాహ్నం తిరిగి వచ్చి, ఏం జరిగిందో తీర్మానాల పుస్తకంలో రాయాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ దరఖాస్తు మీద ఏ చర్య తీసుకున్నారో అడిగే అర్జీ ఎలా రాయాలో అప్పుడే రాయించి ఉంచాలి. 30 రోజుల్లో సమాచారం ఇవ్వడం అధికారి బాధ్యత. చివరి గంటలో పంచాయతీ గురించి మాట్లాడుకోవాలి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవని, 21 ఏళ్లు నిండితే పోటీ చేయవచ్చని, గెలిచాక సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చుంటున్న ఊళ్లు ఎందుకు ఉన్నాయని, తమ ఊరి గ్రామసభలో ఈసారి తాము ఏ అంశం లేవనెత్తుతామని ప్రతి ఒక్కరూ రాసి చదవాలి. సాయంత్రం నాలుగుకల్లా అందరూ బస్సెక్కాలి, ఇల్లు చేరామని ప్రతి ఒక్కరి నుంచి ఫోన్ వచ్చేదాకా బాధ్యురాలు నిద్రపోకూడదు.

మూడు రోజులు వరుసగా కుదరని చోట మూడు ఆదివారాలుగా విడదీయవచ్చు. అప్పుడు ప్రజావాణికి ఆ జట్టు నుంచి వీలైనవారు తర్వాతి సోమవారం వెళ్తారు.

ఏడో దశ: ఆరు నెలల వెంబడింపు

శిబిరం నుంచి వెళ్లిన వారిని ఇద్దరిద్దరిగా జతపరచాలి, ఒకరు పట్నం వైపు, మరొకరు పల్లె వైపు అయితే మరీ మంచిది. వారానికోసారి ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు, నెలకోసారి శిక్షకురాలు ఇద్దరితో మాట్లాడుతుంది. కమిటీలో చేరిన తొలి రెండు సమావేశాలకు శిక్షకురాలు స్వయంగా హాజరై మౌనంగా కూర్చోవడం ఎంతో ఉపయోగపడుతుంది, ఎందుకంటే అడ్డు తగిలే అలవాటున్నవారు ఆమె ముందు తగ్గుతారు, ఆ రెండు సమావేశాల్లో కొత్త కార్యదర్శికి పట్టు చిక్కుతుంది.

ఫలితాన్ని అభిప్రాయ పత్రాలతో కొలవవద్దు. శిబిరం బాగుందని అందరూ రాస్తారు. ఆరో నెలలో తీర్మానాల పుస్తకాలు, నగదు పుస్తకాలు తెప్పించి చూడాలి: 24 మందిలో ఎందరు సమావేశానికి అధ్యక్షత వహించారు, ఎందరి సంతకం బ్యాంకు ఖాతా మీద ఉంది, ఎందరి చేతిరాత తీర్మానాల పుస్తకంలో కనిపిస్తోంది, గ్రామసభలో లేవనెత్తిన అంశాలు ఎన్ని, వాటిలో తేలినవి ఎన్ని. సంఘం ఇచ్చిన మాట ఎంతవరకు నిలబెట్టుకుందో కూడా అదే పట్టికలో రాసి మహాసభలో చదవాలి. పదవి ఇవ్వని మండల కమిటీ పేరు ఆ పట్టికలో ఖాళీగా కనిపించాలి.

ఈ ఆరు నెలల్లోనూ, ఆ తర్వాతా సంఘాలు సాధారణంగా పట్టించుకోని సంగతి పెళ్లి. మూడేళ్లు శ్రమించి తయారుచేసిన కార్యదర్శి పెళ్లయి వేరే జిల్లాకు వెళ్తుంది, వీడ్కోలు సభలో చీర పెట్టి పంపిస్తారు, అక్కడితో ఆమె పేరు రిజిస్టర్ నుంచి పోతుంది. అబ్బాయి ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్తే అక్కడి కమిటీకి ఫోన్ చేసి పరిచయం చేసే సంఘం, అమ్మాయి అత్తగారింటికి వెళ్తే ఆ పని ఎందుకు చేయదు? బదిలీ పత్రం ఒకటి తయారు చేసుకోవాలి: ఆమె ఏ బాధ్యతలు నిర్వహించింది, ఏ శిక్షణ పొందింది, ఏ పనిలో నేర్పు ఉంది అన్నది రాసి, అత్తగారి మండలంలోని కమిటీకి పంపాలి. అక్కడి మహిళా బాధ్యురాలు పెళ్లయిన రెండు, మూడు నెలలకు, కొత్త కోడలు కుదురుకున్నాక, ఆ ఇంటికి వెళ్లి అత్తతో మాట కలపాలి. మొదటి పిలుపు సభకు కాకుండా లెక్క రాయడానికో, పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడానికో అయితే ఇల్లు తొందరగా ఒప్పుకుంటుంది. ఆ ఊళ్లో సంఘమే లేకపోతే మహిళా సంఘాల గ్రామ సమాఖ్యకు పరిచయ పత్రం ఇవ్వాలి. పుస్తకం రాయగలిగిన, సమావేశం నడపగలిగిన మనిషి కోసం అవి ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి. తర్వాతి శిబిరానికి శిక్షకులను వెతికేటప్పుడు ముందుగా ఫోన్ చేయవలసింది కూడా ఈ బదిలీ పత్రాల మీద ఉన్న నంబర్లకే.